నాలుగు గొంతులు ఎవరివి?

బైబిలులోని దావీదు కీర్తనల్ని ఇంగ్లీషులో పద్యాలుగా కట్టి పాడిన చరిత్రను పండితులు రెండు కుప్పలు పోస్తారు. ఒకటి కళ, రెండోది మోటు. ఈ విభజనను మేం ఒప్పుకోం.

కళ అన్నదాన్నే ముందు చూద్దాం. 1567 ప్రాంతంలో ఆర్చిబిషప్ మాథ్యూ పార్కర్ కీర్తనల పుస్తకానికి థామస్ టాలిస్ తొమ్మిది బాణీలు కట్టాడు. వాయిద్యం అక్కర్లేకుండా నాలుగు గొంతులు కలిసి పాడేవి. బాణీ పై గొంతుది కాదు, మగవాళ్ల హెచ్చు గొంతయిన టెనర్‌ది. నాలుగూ దాదాపు ఒకే అక్షరం మీద ఒకేసారి కదులుతాయి. మాట మరుగున పడదు. గొప్ప పనే, అందులో మాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, స్వరలిపి చదవగలిగినవాడికే ఆ పుస్తకం దక్కింది. మరి అక్షరమే రానివాళ్ల సంగతి? 1645లో పార్లమెంటు ఆమోదించిన ఆరాధనా నియమావళి, చదువురానివాళ్లు ఎక్కువున్న చోట ఒకరు పాదం పాదం చదివి చెప్పాలంది. జనం విని అందుకున్నారు. నెమ్మదిగా, ఎవరి గమకం వాళ్లేసుకుంటూ పాడారు. దీన్నే మోటన్నారు. చదువు వాళ్లదాకా ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో పల్లెల చేతిపనివాళ్లు ఊరూరా తిరిగే పాటగురువుల దగ్గర స్వరాలు నేర్చారు. నాలుగు గొంతుల్నీ తమవి చేసుకున్నారు. పూల్ పట్టణంలో చర్చి క్లార్కుగా పనిచేసిన విలియం నాప్ కట్టిన 'వేర్హమ్' బాణీ 1738లో అచ్చయింది. ఈనాటికీ పాడుతున్నారు. కళ నేర్చారు గదా, గౌరవం దక్కిందా? లేదు. వాళ్ల పాటలో వాయిద్యాలూ చేరాక, పందొమ్మిదో శతాబ్దంలో పాదిరీలు వాళ్లను చర్చి పడమటి మేడ మీంచి దింపేసి ఆర్గన్ పెట్టుకున్నారు. థామస్ హార్డీ 1872 నవల 'అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ' ఈ కథే. అందులో అలా స్థానం పోగొట్టుకున్న బృందంలో చెప్పులు కుట్టే పెన్నీ ఒకడు.

అక్కడ చెప్పులు కుట్టేవాడు అంటరానివాడు కాడు. వర్గాన్నీ కులాన్నీ ఒకే గాటన కట్టం. కానీ ఆ ఎత్తుగడ మాత్రం మాకు బాగా తెలిసిందే. నేర్వక ముందు 'నీకు రాదు' అంటారు. నేర్చాక 'నీ తీరు బాగాలేదు' అంటారు. అందుకే మేమనేది ఒకటే: టాలిస్ స్వరాల పొందిక మెచ్చుకునే విమర్శ, మేడ దిగిపోయినవాళ్ల లెక్క కూడా రాయాలి. అది రాయనంతకాలం ఆ చరిత్ర సగమే.