ఆగిన నవల, నడిచిన నవల

నవలాకారుడు చేతిలో ఉన్న నవలను సగంలో ఆపి ఇంకొకటి మొదలుపెడితే మన విమర్శకుల దగ్గర రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. ఆయన దగ్గర సరుకు అయిపోయిందన్నది మొదటిది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడన్నది రెండవది. రచయిత సభలో కనిపించగానే “ఆ నవల ఎంతవరకు వచ్చిందండీ?” అని పలకరించే మర్యాద కూడా ఈ తీర్పులకు తోబుట్టువే. అప్పు ఎప్పుడు తీరుస్తావని అడిగినట్టుంటుంది ఆ పలకరింపు. నవల ఎందుకు ఆగింది, రెండవది ఎక్కడినుంచి వచ్చింది, రెండింటికీ ఏమి సంబంధం అన్న ప్రశ్నలు మాత్రం ఎవరూ వెయ్యరు. నాకు ఆసక్తి ఈ ప్రశ్నలలోనే ఉంది.

ఆగిన నవలలన్నీ ఒకే కారణంగా ఆగవు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘గంగు’ను ముగించకుండానే 1961లో కన్నుమూశాడు. మృత్యువు ఆపిన దాని గురించి విమర్శకుడు చెయ్యగలిగింది లేదు. బతికి ఉండి, రాయగలిగి, రాయాలనుకుంటున్న రచయిత కలం ఎందుకు ఆగుతుంది, ఆగినది మళ్ళీ ఎట్లా కదులుతుంది అన్నదే ఇక్కడ చర్చ. దీనికి మిహయీల్ షోలొఖోవ్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. ఇంగ్లీషులో ‘అండ్ క్వయట్ ఫ్లోస్ ది డాన్’, ‘వర్జిన్ సాయిల్ అప్‌టర్న్‌డ్’ అన్న పేర్లతో మనం చదివిన ఆయన నవలలను ఇక్కడ సౌకర్యం కోసం ‘డాన్’ అనీ, ‘బీడు’ అనీ పిలుస్తాను.

ఆగడం ఆయనకు మొదటినుంచీ అలవాటే. 1925లో, ఇరవయ్యేళ్ళ వయసులో, ‘దోన్‌షినా’ అనే నవల మొదలుపెట్టాడు. 1917లో జనరల్ కర్నీలొవ్ పెట్రోగ్రాడ్ మీదికి పంపిన సేనలో కొసాక్కుల పాత్ర దాని ఇతివృత్తం. కొన్ని అధ్యాయాలు రాశాక ఆపేశాడు. కొసాక్కు అంటే ఎవడో, వాడి పొలం ఏమిటో, గుర్రం ఏమిటో, వాడింట్లో ఆడదాని బతుకేమిటో తెలియని పాఠకుడికి వాడు విప్లవానికి ఎందుకు ఎదురు తిరిగాడో ఎట్లా తెలుస్తుంది? అందుకని కథను 1912కు వెనక్కి జరిపి, 1926 చివర మళ్ళీ ప్రారంభించాడు. ‘డాన్’ పుట్టుక అది. పాత అధ్యాయాల సరుకు రెండవ సంపుటంలో కలిసిపోయింది. ఇది లోపలినుంచి వచ్చిన ఆటంకం, ఆరోగ్యకరమైన ఆటంకం. దీన్ని గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

రెండవ ఆటంకం అట్లాంటిది కాదు. 1928లో ‘అక్త్యాబర్’ పత్రికలో మొదటి రెండు సంపుటాలు వచ్చేనాటికి రచయితకు ఇరవైమూడేళ్ళు. 1929 మొదట్లో మూడవ సంపుటం అచ్చు కావడం మొదలై, కొన్ని అధ్యాయాల తరువాత ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆ నవల అతనిది కాదని ఒక పుకారు లేచింది. చేతిరాత ప్రతులు మాస్కోకు మోసుకుపోయి తోటి రచయితలకు చూపించుకోవలసి వచ్చింది. సెరఫిమోవిచ్, ఫదేయెవ్ మొదలైనవారి సంతకాలతో ఖండన 1929 మార్చి 29న ‘ప్రావ్దా’లో వెలువడింది. (పుకారు మాత్రం చావలేదు. 1999లో గోర్కీ ప్రపంచ సాహిత్య సంస్థ మొదటి రెండు సంపుటాల చేతిరాత ప్రతులను సంపాదించిన తరువాతగాని దాని గొంతు తగ్గలేదు.)

కాని అసలు అడ్డు పుకారు కాదు, ఇతివృత్తం. మూడవ సంపుటం 1919 నాటి వ్యోషెన్‌స్కయా తిరుగుబాటు కథ. ఎగువ డాన్‌లో సోవియట్ అధికారం వచ్చిన కొద్ది వారాలకే మధ్యరకం రైతు కొసాక్కు కూడా ఆయుధం ఎందుకు పట్టాడు? 1919 జనవరిలో కొసాక్కుల మీద సామూహికంగా కఠిన చర్యలకు వెలువడిన ఆదేశమూ, దాన్ని అమలు జరిపినవాళ్ళు సాగించిన కాల్చివేతలూ అతన్ని అందులోకి తోశాయని షోలొఖోవ్ రాశాడు. శత్రువు కుట్ర చేశాడని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. కుట్ర ఎవరి తప్పుల వల్ల ఫలించిందో కూడా రాశాడు గనుకనే పేచీ వచ్చింది. కథానాయకుడు గ్రిగోరీ మెలెఖోవ్‌ను చివరకు మనవాణ్ణి చెయ్యమని ఫదేయెవ్ సలహా ఇచ్చాడు. 1930 ఏప్రిల్‌లో రాసిన ఒక లేఖలో షోలొఖోవ్ ఆ సంగతి ప్రస్తావించి, తన ఇష్టానికి విరుద్ధంగా ఆ పని చెయ్యడంకంటే నవల అచ్చు కాకపోవడమే నయమని తేల్చి చెప్పాడు.

అచ్చు కాని సంపుటాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ యువకుడు ఏమి చేశాడు? మాస్కోలో మకాం పెట్టి సిఫార్సులకోసం తిరగలేదు. వ్యోషెన్‌స్కయాలోనే ఉన్నాడు. 1930 శీతాకాలంలో అక్కడ సమష్టి వ్యవసాయోద్యమం ఊరూరా నడుస్తున్నది. పట్నాలనుంచి కార్మికులు పల్లెలకు వస్తున్నారు. కులక్‌ల ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. సమష్టికి అప్పగించడం ఇష్టంలేని రైతులు రాత్రికి రాత్రి పశువులను కోసి తింటున్నారు. షోలొఖోవ్ కొత్త నవల మొదలుపెట్టాడు. ‘చెమటతో, నెత్తుటితో’ అన్న అర్థం వచ్చేది అతను పెట్టిన మొదటి పేరు. 1930 జనవరినుంచి వసంతం దాకా జరిగిన కథను 1930–31లో రాసి, 1932 జనవరినుంచి ‘నోవీ మిర్’లో అచ్చు వేయించాడు. ఇంత వేడి మీద రాసిన పెద్ద నవలలు ప్రపంచ సాహిత్యంలో ఎక్కువ లేవు.

ఇది మొదటి నవలనుంచి విశ్రాంతి అనుకునేవారికి నేనొక ఘట్టం గుర్తు చేస్తాను. గ్రెమ్యాచీ లోగ్ గ్రామ సోవియట్ అధ్యక్షుడు రజ్మ్యోత్నొవ్ ఒకరోజు ఇళ్ళు ఖాళీ చేయించి వచ్చి, ఈ పని ఇక తనవల్ల కాదంటాడు. ఆనాడు వీధిలోకి తోలిన గాయెవ్ ఇంట్లో పదకొండుమంది పిల్లలు. పిల్లలమీద యుద్ధం తనకు చేతకాదంటాడు. లెనిన్‌గ్రాడ్ కార్మికుడు దవీదొవ్ మండిపడి, ఆకలితో గడిచిన తన బాల్యం చెబుతాడు. నగూల్నొవ్ ఒళ్ళు మరచి కేకలు వేసి, మూర్ఛ వచ్చి పడిపోతాడు. ముగ్గురూ కమ్యూనిస్టులే. ముగ్గురినీ రచయిత ప్రేమిస్తాడు. వాళ్ళలో ఎవరి నోటా సత్యం మొత్తంగా పలకదు. ఈ ఘట్టంలోని ప్రశ్నకూ మూడవ సంపుటంలోని ప్రశ్నకూ తేడా ఏమిటి? న్యాయమైన అధికారం అన్యాయమైన చేతులతో పనిచేస్తే, ఆ అధికారం వల్ల బాగుపడవలసినవాడే ఎదురు నిలబడితే, తప్పు ఎక్కడుంది? 1919లో తూటాల మధ్య లేచిన ప్రశ్నే 1930లో రచయిత ఇంటి ముందు కళ్ళెదుట మళ్ళీ లేచింది. ఒక నవలలో దానికి తలుపు మూశారు. అతను ఆ ప్రశ్ననే చంకన పెట్టుకుని ఇంకొక తలుపు తట్టాడు. రెండు పడవలని మనం అనుకునేది నిజానికి ఒక్క ప్రయాణమే.

1931 జూన్‌లో మూడవ సంపుటం గురించి గోర్కీకి లేఖ రాశాడు. జులైలో గోర్కీ ఇంట స్టాలిన్‌తో సమావేశం జరిగింది. కర్నీలొవ్‌ను మెత్తగా చిత్రించావేమని స్టాలిన్ అడిగాడనీ, చివరకు సంపుటం అచ్చు కావడానికి ఒప్పుకున్నాడనీ షోలొఖోవ్ తరువాత చెప్పుకున్నాడు. ఫలితంగా 1932లో ఒకే రచయిత రెండు నవలలు రెండు పత్రికలలో, ‘అక్త్యాబర్’లో ఒకటీ ‘నోవీ మిర్’లో ఒకటీ, ఒకేసారి నడిచాయి.

‘డాన్’ అచ్చుకోసం ‘బీడు’ను కప్పంగా చెల్లించాడని వాదించేవారున్నారు. ఆ వాదం చాలా సులభం, అందుకే దాని మీద నాకు నమ్మకం లేదు. కప్పం కట్టేవాడు గాయెవ్ పిల్లలను లెక్కపెట్టడు. అయితే ఆ నవలలో చెప్పని సంగతులున్నాయన్నది నిజం. అవి ఎక్కడికి పోయాయో కూడా మనకు తెలుసు. 1933 ఏప్రిల్‌లో షోలొఖోవ్ స్టాలిన్‌కు దీర్ఘమైన లేఖ రాశాడు. ధాన్యం వసూలు పేరుతో తన జిల్లాలో రైతులను చలిలో నిలబెట్టడం, కొట్టడం, ఇళ్ళనుంచి గెంటడం ఊళ్ళ పేర్లతో సహా వివరించాడు. జనం ఆకలితో చస్తున్నారని చెప్పాడు. ఇట్లాంటి సరుకుతో ‘బీడు’ చివరి భాగం రాయడంకంటే మీకు రాయడమే మంచిదనుకున్నానని అర్థం వచ్చే మాట ఆ లేఖ చివర ఉంది. ధాన్యం వచ్చింది. రైతులు మౌనసమ్మె చేస్తున్నారు, నీవు ఒక వైపే చూస్తున్నావు అన్న మందలింపు కూడా వచ్చింది.

ఆ లేఖ వల్ల మనుషులు బతికారు. ఏ నవలా చెయ్యలేని పని అది. కాని ‘బీడు’ రెండవ భాగం మూలపడింది కూడా అక్కడేనని నా అభిప్రాయం. లేఖలోకి పోయిన సత్యం మళ్ళీ నవలలోకి రాలేదు. అప్పుడతను దేనివైపు తిరిగాడు? మళ్ళీ ‘డాన్’ వైపు. 1937లో జిల్లా పార్టీలోని అతని సన్నిహిత మిత్రులు అరెస్టయ్యారు. 1938లో తన అరెస్టుకే రంగం సిద్ధమవుతున్నదని తెలిసి మాస్కోకు పరుగెత్తాడు. ఆ రెండేళ్ళకు అటూ ఇటూ నాలుగవ సంపుటం అచ్చయింది. 1940లో నవల ముగిసింది. గ్రిగోరీ ‘మనవాడు’ కాలేదు. అంతా పోగొట్టుకుని కొడుకును ఎత్తుకుని ఇంటి గడప దగ్గర నిలబడ్డాడు.

నడుమ రాసిన ‘బీడు’ ఈ నాలుగవ సంపుటానికి ఏమిచ్చింది? మిష్కా కొషెవోయ్‌ని చూడండి. మూడవ సంపుటంలో అతను ఇళ్ళు తగలబెట్టే పగవాడు. చివరి భాగంలో అధికారం అతనిదే, గ్రిగోరీ చెల్లెలు దున్యాష్కాను పెళ్ళాడి ఆ ఇంట్లోనే కాపురం. గ్రిగోరీని నమ్మడు, పోయి పేరు నమోదు చేయించుకొమ్మని పట్టుపడతాడు. ఆ కరకుదనం నగూల్నొవ్‌ను సృష్టించిన చేతికి బాగా తెలుసు. తన పెద్దకొడుకు ప్యోత్రను చంపిన ఆ మనిషిని ముసలి తల్లి ఇల్యీనిచ్నా మొదట గడప తొక్కనివ్వదు. తరువాత అతను జ్వరంతో వణకడం, ఇంటి పనులు చక్కబెట్టడం, మనవణ్ణి చేరదీయడం చూస్తుంది. చనిపోయేముందు, ఎన్నడొస్తాడో తెలియని గ్రిగోరీ చొక్కా తీసి, అతని చొక్కా చెమటకు పాడైంది, ఇది తొడుక్కోమనమని ఇస్తుంది. అంతర్యుద్ధం ఎట్లా ముగిసిందో చెప్పడానికి ఆ చొక్కా చాలు. 1929లో ఈ నవలను ఏకబిగిన ముగించి ఉంటే ఆ చొక్కా అందులో ఉండేదని నేననుకోను.

సలహా ఇచ్చిన ఫదేయెవ్ సంగతి కూడా చూడాలి. ‘ఉదెగేలలో చివరివాడు’ నవల ఆయన చేతిలో పూర్తి కాలేదు. ‘యువ సైనికదళం’లో పార్టీ పాత్ర చాలలేదంటే తిరగరాశాడు. ఆ తరువాత ఉక్కు పరిశ్రమ మీద పెద్ద నవల తలపెట్టాడు. నవలకు ఆధారమైన సాంకేతికావిష్కరణ ఉత్తదని తేలేసరికి ఆ నవలా కూలిపోయింది. 1956 మేలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన ప్రతిభ తక్కువదేమీ కాదు. అతని చేతిలోనూ అనేక నవలలున్నాయి. ఒకదానినుంచి ఇంకొకదానికి తీసుకుపోవలసిన ప్రశ్న మాత్రం తనది కాకుండా పోయింది.

యుద్ధం తరువాత షోలొఖోవ్ చేతిలో మళ్ళీ రెండు నవలలున్నాయి. ‘బీడు’ రెండవ భాగం రాతప్రతి యుద్ధంలో పోయింది. 1943లో మొదలైన ‘వాళ్ళు మాతృదేశం కోసం పోరాడారు’ అధ్యాయాలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. రెండింటికీ ఊపు లేదు. ఊపు తెచ్చింది మూడవది, చిన్నది. 1956 డిసెంబర్ 31న, 1957 జనవరి 1న ‘ప్రావ్దా’లో వచ్చిన ‘మానవుడి విధి’. శత్రువుకు బందీగా చిక్కిన సోవియట్ సైనికుణ్ణి ద్రోహిగా చూసిన ఏళ్ళు అప్పుడే గడిచాయి. అట్లాంటి బందీని కథానాయకుణ్ణి చేసి, నాలుగైదు గంటలలో చదవవలసిన జీవితాన్ని గంటలో చెప్పాడు. దాని వెనుకనే ‘బీడు’ రెండవ భాగం 1959–60లో పూర్తయింది. లెనిన్ బహుమతి కూడా వచ్చింది.

ఆ రెండవ భాగం మీద నాకు పెద్ద గౌరవం లేదు. 1930 వసంతాన్ని మరుసటి ఏడే రాసినవాడు, 1930 వేసవిని ఇరవైతొమ్మిదేళ్ళ తరువాత రాశాడు. ష్చూకర్ తాత కబుర్లు నవ్విస్తాయి, కాని పేజీలకు పేజీలు సాగుతాయి. నగూల్నొవ్ అర్ధరాత్రి కూర్చుని కోళ్ళ కూతలు వినే ఘట్టం అందమైనది. నాయకులిద్దరూ చివర నేలకూలినప్పుడు గుండె పట్టేస్తుంది. అయినా 1933 ఆ పుస్తకంలో ఎక్కడా రాదు. రాకుండా ఉండటానికి కథ 1930లోనే ఆగింది.

1966లో, పార్టీ 23వ మహాసభలో, సిన్యావ్‌స్కీ, డానియేల్ అనే రచయితలకు పడిన శిక్షలు చాలవన్న ధోరణిలో షోలొఖోవ్ ప్రసంగించాడు. మూడవ సంపుటాన్ని చంకన పెట్టుకుని తలుపులు తట్టిన యువకుడి నోటినుంచి ఆ మాటలు ఎట్లా వచ్చాయో నాకు అంతుపట్టదు, దాన్ని సమర్థించే పని కూడా నేను పెట్టుకోను. మూడేళ్ళు గడవకుండానే అతని వంతూ వచ్చింది. యుద్ధం ముందటి అరెస్టుల ప్రస్తావన ఉన్న కొత్త అధ్యాయాలను పైవాళ్ళకు పంపి నెలల తరబడి ఎదురుచూశాడు. 1969 మార్చిలో ‘ప్రావ్దా’ వాటిని కోతలతో అచ్చు వేసింది. ఆ నవలలో అతను మరి అధ్యాయాలు ప్రకటించలేదు. 1942 వేసవిలో, వ్యోషెన్‌స్కయా మీద పడిన బాంబు అతని తల్లిని చంపిన ఆ వేసవిలో, డాన్ మైదానాలమీదుగా వెనక్కి నడుస్తున్న సైనికుల కథ అది. 1984లో రచయిత చనిపోయేనాటికి వాళ్ళింకా ఆ మైదానంలోనే ఉన్నారు.