అరచేతి యంత్రము – ఔచిత్య విచారము

సౌందర్యము కావ్యమునకు, శిల్పమునకు, సంగీతమునకు మాత్రమే చెల్లు గుణమని మన విమర్శకులలో చిరకాలముగా నొక తలంపు నిలిచియున్నది. నిత్యము వాడు పనిముట్లు ప్రయోజనమునకే గాని రసమునకు కావని దాని ఫలితార్థము. నేడు పండిత పామర భేదము లేక అందరి చేతులలోను ఫోను ఉన్నది. అందులో పనులు నడపు సాఫ్ట్‌వేర్ రచనలను, అనగా వాడుకలో యాపులనబడు వానిని, విమర్శదృష్టితో చూడవలసిన అగత్యము కలిగినది. ఇన్ని చేతులకు అందిన రచన యొక్క మంచిచెడ్డలను విచారింపక విడిచినచో, విమర్శ తన పనిలో కొంత మానుకొన్నట్లే యగును.

ఈ విచారమునకు కొలబద్ద కళింగాంధ్రముననే దొరకును. పొందూరు ఖాదీకి దూదిని సిద్ధపరచు స్త్రీలు వాలుగ చేప దవడను దువ్వెనగా వాడుదురు. దాని సన్నని పలువరుస నలుసును తొలగించును గాని పోగును తెంపదు. నూరవ నంబరు వరకు నూలు సన్నగిల్లుట ఇట్టి ఓర్పువలననే. ఆ వస్త్రము కట్టినవాని మేనికి బరువు తోచదు. బొబ్బిలి వీణను ఒకే పనసమ్రానునుండి తొలిచి ఏకాండిగా చేయుదురు. వాయించువాని వ్రేలు మెట్టును వెదకుకొన పనిలేదు; వెళ్లినచోట అది ఉండును. ఈ రెంటియందును చేసినవాడు వాడువానిని గూర్చి ముందుగా తలచినాడు. ఆ తలంపే వస్తువునందు అందమై నిలిచినది. పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో కావ్యమునకు ప్రాణముగా చెప్పిన ఔచిత్యమును పనిముట్టునకు అన్వయించినచో లక్షణ మిట్లేర్పడును: వాడువాని శక్తికిని, చేయు పనికిని, సందర్భమునకును తగియుండి, అతనిని ఎచ్చటను చిన్నబుచ్చక పని నెరవేర్చుటయే యాపునకు ఔచిత్యము. దాని సౌందర్యమును అదియే. ఈ లక్షణమును అక్షరము, మాట, గుర్తు, క్రియ అను నాలుగు స్థానములలో పరీక్షింతము.

మొదటిది అక్షరము. తెలుగు లిపి వరుసగా మాత్రమే సాగదు. పైకిని క్రిందికిని పెరుగును. తలకట్టు, గుడి పైన నుండును. వత్తులు క్రింద వ్రేలును. రోమను లిపికై కొలిచిన పంక్తిలో దీనిని ఇరికించినచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని తాకును, లేదా తెర అంచున తెగిపోవును. వత్తులు తెగిన "ఎచ్చెర్ల" "ఎచెర" యగును. "పార్వతీపురము" "పారతీపురము" అగును. తన ఊరి పేరే తెరపై సరిగా కనబడనివానికి ఆ యాపు పరాయిదిగా తోచుట సహజము. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పుననే తెలుగునకు స్థానము లభించినది. కాని స్థానము లభించుట వేరు, గౌరవము లభించుట వేరు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ ఫోనులు, కంప్యూటర్లు ఒక విధముగా కూర్చిన "జ్ఞా" అను అక్షరమును చూపలేక, దానిని అందుకొన్న యాపులు మూతపడినవి. సంస్థవారు ఆ నెలలోనే సవరణ వెలువరించిరి. లోకమునకది వినోదవార్త యైనది. విమర్శకునకు మాత్రము అది దోషనిదర్శనము: హల్లుపై హల్లు కూర్చు లిపిని నేర్చుకొనక దానికి చోటిచ్చుట వలన కలిగిన దోషము.

దీనికి ప్రతిగా చెప్పదగిన మంచి యత్నమొకటి కలదు. సిలికానాంధ్ర సంస్థ ఉచితముగా వెలువరించిన తెలుగు ఖతులలో "గిడుగు" ఒకటి, "గురజాడ" మరియొకటి. ఎవరైనను వెల లేకుండ వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. విజయనగరము మహారాజావారి పాఠశాలలో సహాధ్యాయులైన ఇరువురి పేర్లు ఈనాడు అక్షరరూపములకే పేర్లైనవి. చదువు అందరి సొత్తు కావలెనని కోరినవారి పేర్లను అందరి సొత్తైన అక్షరములకు పెట్టుట ఉచితమే.

రెండవది మాట. 1863లో శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి, చదువుకొనువానికి అర్థముకాని భాష చదువునకు అడ్డుగోడ యని వాదించిరి. ఆ వాదము పాఠ్యపుస్తకములతో ముగియలేదు. ఇప్పుడు తెరమీద మరల మొదలైనది. ఆంగ్లములో "షేర్" అను మీటకు కొన్ని యాపులు "భాగస్వామ్యం చేయి" అని తెలుగు చేసినవి. తెలుగున భాగస్వామ్యమనగా వ్యాపారమున పాలుపంచుకొనుట. మనుమరాలి ఫొటో చెల్లెలికి పంపదలచిన వృద్ధురాలు ఆ మాట చదివి ఏదో ఒడంబడికకు ఒప్పుకొనుచున్నానేమో యని వ్రేలు వెనుకకు తీయును. "పంపు" అన్నను, జనము పలుకు "షేర్" అన్నను ఆమెకు తెలియును. ఇట నొక ఆక్షేపణ కలుగవచ్చును: ఈ వ్యాసమే గ్రంథభాషలో నున్నది కదా, తెరమీద అదియేల తగదు? పరిశోధన పత్రిక చదువువాడు తీరికతో, శిక్షణతో, తన యిష్టముచే చదువును. బ్యాంకు యాపు చదువువాడు తొందరలో, భయముతో, తప్పనిసరియై చదువును. ఒకచోట శోభించు మాట మరియొకచోట వాతపెట్టును. ఔచిత్యమనగా నిదియే.

మూడవది గుర్తు. అలంకారికులు చెప్పిన లక్షణావృత్తికి యాపుల గుర్తులు చక్కని ఉదాహరణములు. పిలుపునకు వాడు ఆకుపచ్చ మీటపై పాతకాలపు టెలిఫోను చేతిముక్క బొమ్మ యుండును. అట్టి టెలిఫోనును ఎన్నడును చూడని బాలుడును ఆ మీటను తడుముకొనక నొక్కును. దర్భలు కోయగలవాడను అర్థము మరుగై, నేర్పరి యను అర్థమే నిలిచిన "కుశలుడు" వంటి రూఢిలక్షణ ఇది. రూఢి యైనదానిని మార్చుట కవికి వలెనే యాపుకర్తకును సాహసము. కొత్తదనమునకై ఏటేట గుర్తులు మార్చువారు, చదువరి కష్టపడి నేర్చుకొన్న నిఘంటువును చింపివేసినవారగుదురు. ఆ నష్టము అక్షరజ్ఞానము తక్కువైనవారికే ఎక్కువ తగులును. వారికి గుర్తే అక్షరము.

నాలుగవది క్రియ. యాపు సౌందర్యమున కిదియే ప్రధానస్థానము. శ్రీకాకుళపు తీరమునుండి మత్స్యకారులు గుజరాతులోని వెరావల్ వరకు పనికై వలసపోవుదురు. 2013లో వాట్సాప్‌నందు చేరిన మాటసందేశమును గమనింపుడు. బొమ్మపై వ్రేలు అదిమి మాటాడి, వ్రేలు తీసినచో మాట చేరును. వ్రాయవలసినది లేదు, అక్షరదోషముల భయము లేదు. "ఏటి సేస్తన్నావు?" అను ప్రశ్న ఆ యాసతోనే, ఆ నిట్టూర్పుతోనే సముద్రపుటొడ్డునుండి సముద్రపుటొడ్డునకు పోవును. వ్రాతపలకయో ఆ యాసను దోషముగా నెంచి దిద్దజూచును; మాటసందేశము దానిని ఉన్నదున్నట్లు మోయును. ఉపకరణము కనుమరుగై మనిషి మాత్రమే వినబడుట ఉత్తమరచనకు గుర్తు. పాతమాటను వెదకి తీయుట కష్టమను లోపము దీనికి లేకపోలేదు. ఐనను చేయు పనిని బట్టి చూడగా అది చిన్నలోపము.

2016లో మొదలైన యూపీఐ చెల్లింపులయందును ఇట్టి గుణము కొంత కలదు. రహస్యసంఖ్య అడుగుటకు ముందే సొమ్ము చేరవలసినవాని పేరు తెరపై కనబడును. డబ్బు చేయిదాటకముందు ఒక్కసారి నిలిచి చూచుకొమ్మని తోటివాడు చెప్పినట్లుండును. సంతలో కూరలమ్ము స్త్రీ ముందరి చిన్నపెట్టె వచ్చిన మొత్తమును తెలుగున పలుకును. తక్కెడనుండి చూపు మరల్చకయే ఆమె తన లెక్క తెలిసికొనును. ఇంతవరకు శ్లాఘ్యము. కాని చెల్లింపు ముగిసిన వెంటనే గీకుడుచీట్లు, అప్పుల ప్రకటనలు తెరను కమ్ముట పద్యమున పాదపూరణమునకై దూర్చిన వ్యర్థపదముల వంటిది. వ్యర్థపదము చెవికి మాత్రమే వెగటు. ఇచ్చట తెలియక నొక్కిన మీట అప్పుగా పరిణమింపగలదు. అనౌచిత్యము రసభంగముతో ఆగక సంసారభంగమునకు దారితీయుట యాపుల విషయమున గల విశేషము. కావుననే వీని విమర్శ వినోదము కాదు.

యాపులు నెలనెలకు మారును, కర్త యెవరో తెలియదు, ఇట్టివానికి విమర్శ యేల యని కొందరనవచ్చును. విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసు చెప్పిన హరికథ ఒకనాటి వలె మరియొకనాడు ఉండెడిది కాదు. ఐనను దాని గుణమును సహృదయులు నిర్ణయింపగలిగిరి. జోలపాటకు కర్త తెలియదు; ఐనను దాని మాధుర్యమును శంకించినవారు లేరు. మార్పునందు నిలుచు గుణమును పట్టుకొనుటయే విమర్శ. ఇక కంటికి కనబడని అందము అందమెట్లగునని మరియొక ప్రశ్న. కట్టినవానికి బరువు తోచని పొందూరు బట్టయే దానికి సమాధానము.

ఛందోవ్యాకరణములలో దోషములెన్ను నేర్పు గల మన తెలుగు శాఖలు తెరమీది తెలుగును కూడ పరీక్షింపవలసియున్నది. తెగిన వత్తును, తగని మాటను, దారి తప్పించు మీటను ఎత్తిచూపు శిక్షణ మనకు గలదు. రంగుల మెరుపునుబట్టి గాక, చదువు తక్కువైనవాడు కూడ తలవంచుకొనక వాడగలుగుటనుబట్టి అరచేతి యంత్రమున అందమును నిర్ణయించుట న్యాయము. వాడుకభాషకై గిడుగువారు ఆనాడు అడిగినదానికంటె మనమిచ్చట అడుగుచున్నది వేరు కాదని విజ్ఞులు గ్రహింతురు గాక.