ఊ కొట్టే చెవి

కథ చెప్పే ముందు మా నాయనమ్మ ఒక షరతు పెట్టేది. వినేవాళ్లు ఊ కొట్టాలి. రెండు మాటలకోసారి మంచాల మీంచి ‘ఊ’ వినపడకపోతే రాజకుమారుణ్ణి చెట్టు మీదే వదిలేసి అటు తిరిగి పడుకునేది. ముక్త్యాలలో, ఏటి గాలి తగిలే వాకిట్లో, వేసవి రాత్రుల్లో జరిగేదిది. మేం నిద్రపోయామేమో చూసుకోవడానికి అడుగుతోందని అప్పట్లో అనుకునేవాణ్ణి. అదొక్కటే కాదని ఈమధ్యే తెలిసింది, అదీ జగ్గయ్యపేట బస్సులో.

నా ఉద్యోగం నందిగామలో. పొద్దున్నే ముక్త్యాల నుంచి జగ్గయ్యపేట, అక్కడ బస్సు మారి హైవే మీద నందిగామ. మళ్లీ సాయంత్రం అదే దారి. బస్సు కుదుపులకు పుస్తకం పట్టుకుంటే కళ్లు తిరుగుతాయి. అందుకని కొన్నేళ్లుగా చెవులతో చదువుతున్నాను. దాసుభాషితం లాంటి తెలుగు యాప్‌లు, యూట్యూబ్‌లో ఎవరెవరో ఓపిగ్గా చదివి పెట్టిన కథలు, కాలిఫోర్నియాలో ఉండి కౌముది పత్రిక నడిపే కిరణ్‌ప్రభ గారి ప్రసంగాలు, ఏది దొరికితే అది. విన్నవాటిలో సగం మధ్యలోనే ఆపేశాను. పుస్తకం బాగుండక కాదు. కళ్లకు బాగున్నదంతా చెవికి ఎక్కదు. ఎక్కించే విద్య మనవాళ్లకు ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు మైకు ముందు కూచునేవాళ్లలో చాలామంది దాన్ని పట్టించుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు.

కార్తీకమాసంలో మా ఊరి భవానీ ముక్తేశ్వరస్వామి గుడిలో పురాణం చదివేవారు. కార్తీక పురాణం ముప్ఫై అధ్యాయాలు, నెలకు ముప్ఫై రోజులు. రోజుకు ఎంత వినిపించాలో కట్టినవాళ్లే కొలిచి పెట్టారు. అందులో వసిష్ఠుడు జనక మహారాజుకు చెబుతుంటాడు. మాటిమాటికీ ‘ఓ జనక మహారాజా’ అన్న పిలుపు వచ్చేది. చిన్నప్పుడు మాకు అదొక నవ్వులాట, ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు తెలుస్తోంది దాని పని. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పుస్తకంలో అయితే పైకి ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. చెవికి వెనక్కి చూసే వీలు లేదు. దీపం వెలిగించి ఆలస్యంగా వచ్చి కూచున్న మనిషికి, ఇంటి దగ్గర పాలు పొయ్యి మీద పెట్టొచ్చానా అని మనసు అటు పోయిన మనిషికి, ఆ పిలుపు చెయ్యి పట్టుకుని కథలోకి తెచ్చి దింపుతుంది. ఒకాయన చదివేవాడు, ఇంకొకాయన అర్థం చెప్పేవాడు. చదివే ఆయన కళ్లు పుస్తకం మీద, చెప్పే ఆయన కళ్లు మా మొహాల మీద. ఎక్కడ అర్థం కాలేదో మొహాలే చెప్పేవి. అక్కడ ఆగి, ఊళ్లో విషయమేదో పోలిక తెచ్చి మళ్లీ చెప్పేవాడు.

బుర్రకథలో ఈ ఊ కొట్టడానికి ఏకంగా ఉద్యోగమే ఇచ్చారు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేళ్లకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే చోట వాళ్లు ‘తందాన తాన’ అందుకుంటారు. అర్థం కానట్టు నటించి, జనం అడగాలనుకున్న ప్రశ్న వాళ్లే అడుగుతారు. అంటే వేలమంది తరఫున ఊ కొట్టే ప్రతినిధులన్నమాట. ఇందులో ఎంత బలముందో దొరలకు తెలిసినట్టే ఉంది. మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ ఒకప్పుడు బుర్రకథను నిషేధించాయి. పుస్తకం అయితే చదువొచ్చినవాడి దాకానే పోతుంది, బుర్రకథ అందరి దాకా పోతుంది మరి. హరికథలో దాసుగారు ఒక్కరే కాబట్టి వంతల పని పిట్టకథ చేస్తుంది. సీతమ్మ అశోకవనంలో ఏడుస్తుండగానే ఆయన ఏ అత్తాకోడళ్ల గొడవలోకో దూకుతాడు. తూగుతున్న తలకాయలు లేస్తాయి. లేచాక మళ్లీ అశోకవనం.

తర్వాత రేడియో వచ్చింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అక్కడ వంత లేదు, ఎదురుగా మొహాలు లేవు, గాజు గది. అయినా ఉషశ్రీ గారు భారతమో రామాయణమో చెబుతుంటే ఆదివారం మధ్యాహ్నం మా వీధిలో అన్నం కంచాల ముందు మాటలు ఆగిపోయేవి. ఎట్లా కుదిరింది ఆయనకు? నా మటుకు నాకు తోచింది ఇది. ఆయన చదవలేదు, దబాయించాడు. ఎదుట ఎవరో సందేహం అడిగినట్టు, దానికి తాను జవాబు చెబుతున్నట్టు సాగేది ఆ గొంతు. లేని వంతను గాజు గదిలో ఊహించుకుని మాట్లాడాడు. ‘గణపతి’, ‘కన్యాశుల్కం’ రేడియో నాటకాలు విన్నవాళ్లకు నండూరి సుబ్బారావు గారి గొంతు ఎందుకు మరుపు రాదో కూడా ఇందులోనే ఉంది. ఎదుటివాడి మాట వింటున్నట్టు ఆగడం ఆయనకు తెలుసు.

ఇక మన భాష సంగతి. తెలుగు వాక్యానికి ప్రాణం చివర్న ఉంటుంది. ఒక వాక్యం నేనే అల్లి చూపిస్తాను: ‘సంతలో ఎద్దునమ్మి, డబ్బు నడుముకు కట్టుకుని, చీకటి పడుతుండగా ఏటి దారి పట్టిన వెంకయ్య తెల్లారేదాకా ఇల్లు చేరలేదు.’ కంటికి ఇది పెద్ద కష్టం కాదు, చివరి మాట మీదికి అది ముందే ఉరుకుతుంది. చెవి మాత్రం ‘చేర’ దాకా వచ్చినా చేరాడో లేదో తెలియక పట్టుకుని కూచోవాలి. చదివే మనిషి ‘అమ్మి’ దగ్గర గొంతు దించాడా, అక్కడికి వాక్యం అయిపోయిందనుకుంటాం. ‘కట్టుకుని’ దగ్గర మళ్లీ దించాడా, మూడు ముక్కలైంది. ‘లేదు’ వచ్చేసరికి వెంకయ్య ఎవరో మర్చిపోతాం. గొంతును అట్లా గాల్లో నిలబెట్టి, క్రియ దగ్గర మాత్రమే నేల మీద దించాలి. ఇది ఊపిరికి సంబంధించిన పని, గొంతు తీపికి సంబంధించింది కాదు. తేనెలాంటి గొంతున్న వాళ్లు పది నిమిషాల్లో నన్ను నిద్రపుచ్చారు. గరగరలాడే గొంతుతో ఒక రిటైరైన పెద్దమనిషి నందిగామ స్టాండు దాటిపోయేదాకా కూచోబెట్టాడు, ఆ రోజు ఆఫీసుకు ఆటోలో వెనక్కి రావాల్సొచ్చింది.

మర గొంతుల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఒకచోట డబ్బు కట్టి కొన్న చరిత్ర పుస్తకంలో ‘క్రీ.శ.’ వచ్చినప్పుడల్లా ఆ గొంతు ‘క్రీశ’ అంది. క్రీశ ఎవరో రాజుగారి భార్య అనుకున్నాను కాసేపు.

ఇప్పుడు రకాల వారీగా నా తీర్పులు. ఒప్పుకోవాలని లేదు.

నవలల్లో చెవికి బాగా పట్టేవి నోటితో పుట్టినవే. విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ పరిమాణం చూసి జడిసే వాళ్లున్నారు. నేనూ అచ్చు పుస్తకం రెండుసార్లు మొదలుపెట్టి వదిలేసినవాణ్ణే. ఆయన దాన్ని చేత్తో రాయలేదు. చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు, ఇరవై తొమ్మిది రోజుల్లో ముగిసిందంటారు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని బాపిరాజు గారి ‘నారాయణరావు’తో కలిసి పంచుకుంది. విన్నప్పుడు ఆ వాక్యాల పొడుగు నన్ను కష్టపెట్టలేదు. ఒక మనిషి అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్న లయ అందులో ఉంది, అడుగులు కూడా వినపడతాయి. ఆయన సిద్ధాంతాలతో పేచీ నాకు అలాగే ఉంది, కానీ పేచీ పడుతూనే నెలన్నర విన్నాను.

అపరాధ పరిశోధన నవలలు బస్సుకు బాగుంటాయనుకుంటాం. సగమే నిజం. ఆధారం ఎక్కడో జారిపోతే వెనక్కి తిప్పుకోవడానికి చేతికి పేజీ లేదు, తెర మీద వేలితో వెతుకుతుంటే కండక్టర్ టికెట్టంటాడు. ఇంగ్లండులో చూపులేని వాళ్ల కోసం మొదటి ‘మాట్లాడే పుస్తకాలు’ 1935లో పెద్ద గ్రామఫోను రికార్డుల మీద వచ్చాయి, మొదటి యుద్ధంలో కళ్లు పోయిన సైనికులను మనసులో పెట్టుకుని. ఆ తొలి వాటిల్లోనే అగాథా క్రిస్టీ ‘రోజర్ ఎక్రాయిడ్ హత్య’ ఉంది. ఎంచుకున్నవాళ్లకు దండం పెట్టాలి. ఆ నవలలో కథ చెప్పే గొంతులోనే అసలు కిటుకుంది. ఇంతకు మించి చెబితే చదవనివాళ్లకు ద్రోహం. మన దగ్గర యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’ ఇట్లాంటిదే. అందులో కథానాయకుడికి ఆ అమ్మాయి చాలాకాలం ఫోనులో గొంతుగానే తెలుసు. చెవిలో వింటుంటే అతని అవస్థ మనదవుతుంది. అచ్చులో ఆ సుఖం లేదు.

కథానికల్లో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి తర్వాతే ఎవరైనా. ఆయన పాత్రలు మాట్లాడుకుంటూనే కథ నడిపేస్తాయి. గోదావరి సీమ ఆడవాళ్ల మాట, దాని సాగతీత, మధ్యలో విరుపు. మా మెట్ట ప్రాంతపు చెవికి అది కొంచెం పరాయిదే. మాకు చిల్లకల్లు దాటితే కోదాడ, మాటలో సగం తెలంగాణ పడుతుంది. అయినా ఒక సాయంత్రం ఆయన కథ వింటుంటే, చదువుతున్నావిడ ఒక మాట అని అర క్షణం ఆగింది. నేను పైకే ‘ఊ’ అన్నాను. పక్క సీటాయన నా వంక చూసి, ‘నన్నా?’ అన్నాడు. నాయనమ్మ షరతు గుర్తొచ్చింది అప్పుడే. ఆ అర క్షణం ఆమె నాకోసం ఉంచింది. మనం నింపాల్సిన చోటు అది. అది లేకుండా గుక్క తిప్పుకోకుండా చదివేవాళ్లు, ఆ చోటును వీణ ముక్కలతో నింపేసేవాళ్లు, ఇద్దరూ ఒకటే నాకు.

మాండలిక కథలకు మాత్రం ఆ నేల మనిషే చదవాలి. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ను సినిమా తెలుగులో చదివితే రాగి సంకటిని ఫోర్కుతో తిన్నట్టే.

పద్యం సంగతి మరీ సున్నితం. యతి స్థానంలో ఏ అక్షరం పలుకుతుందోనని చెవి కాచుకుని ఉంటుంది. అర్థం కోసం విరిచి చదివితే యతి పోతుంది, రాగం కోసం సాగదీస్తే అర్థం పోతుంది. నాటక పద్యం విని పెరిగినవాళ్లు రెండూ నిలబెడతారు. మిగతావాళ్లు పద్యాన్ని వచనంలా చదివి తర్వాత తాత్పర్యం చెబుతుంటే, వాళ్ల మీద కోపం రాదు, పద్యం మీద జాలేస్తుంది.

కథేతరాల్లో ఆత్మకథ రారాజు. ‘నేను’ అన్న మాట చెవిలో పడగానే నమ్ముతాం. నాకు ఎప్పటికైనా మంచి గొంతులో వినాలని ఉన్నది ‘పింజారి’. బుర్రకథ నాజర్ గారి జీవితం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఊరూరా పాడి, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు అక్షరాల్లో పెట్టారు. పేదరికాన్ని చెప్పినా నవ్వు పోదు, నవ్విస్తూనే గుండె పట్టుకుంటాడు, అక్షరాలా రెండు వంతలూ ఆయనలోనే ఉన్నారు. నోటి నుంచి కాగితం మీదకెక్కిన పుస్తకం కాబట్టి మళ్లీ నోటికి ఎక్కించడం తేలిక. కాకపోతే చదివేవాడికి తాళజ్ఞానం ఉండాలి.

చరిత్రా, సైన్సూ కష్టం. సంవత్సరాలు, లెక్కలు చెవిలో ఒకదాని మీదొకటి పడి పగిలిపోతాయి. నండూరి రామమోహనరావు గారి ‘నరావతారం’, ‘విశ్వరూపం’ లాంటివి దీనికి మినహాయింపు. ఆయన పాఠకుణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని ముచ్చటగా చెప్పుకుపోతాడు. అంకె చెప్పి వదిలెయ్యడు, దాన్ని మన ఊరి కొలతలోకి మార్చి చేతిలో పెడతాడు. పురాణం అర్థం చెప్పినాయన చేసిందీ అదే కదా. వ్యక్తిత్వ వికాసాలు ఒకటిన్నర వేగంలో పెట్టుకుంటాను. ఏమీ పోదు.

ఇక వినేవాళ్ల సంగతి. క్యూబాలో చుట్టలు చుట్టే ఫ్యాక్టరీల్లో 1865 నుంచి ఒక అలవాటుంది. మొదట్లో పనివాళ్లే తలా కొంత వేసుకుని ఒక మనిషికి జీతమిచ్చేవారు. అతని పని ఎత్తు పీట మీద కూచుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదివి వినిపించడం. డ్యూమా రాసిన మాంటెక్రిస్టో నవల వాళ్లకెంత నచ్చిందంటే, ఒక చుట్టకు ఆ పేరు అట్లాగే వచ్చిందంటారు. ఇది తెలిసినప్పుడు నాకు మా మిర్చి కల్లాలు గుర్తొచ్చాయి.

మొన్న మార్చిలో మా చుట్టాల కల్లానికి వెళ్లాను. ఎనిమిది మంది ఆడవాళ్లు పట్టాల మీద కూచుని తాలుకాయలు ఏరుతున్నారు. ముక్కుకు తువ్వాళ్లు. మధ్యలో స్టీలు గిన్నె, గిన్నెలో ఫోను. గిన్నెలో పెడితే గొంతు పెద్దగా వినపడుతుందట. అందులోంచి ఏదో కథ వస్తోంది, తప్పిపోయిన కొడుకు ఇరవై ఏళ్లకు తిరిగొచ్చే కథ. నేను బస్సులో విన్నదే. అందరికన్నా పెద్దామె, నాకు వరసకు పెద్దమ్మ, చేతులు ఆపకుండా గిన్నె వైపు చూసి ‘ఊ’ అంటోంది. ఒకసారి కాదు, ప్రతి రెండు మాటలకు. పక్కామె, ‘అది నీకు పలుకుద్దంటే పెద్దమ్మా?’ అని నవ్వింది.

కొడుకు వాకిట్లో నిలబడ్డాడు. తల్లి దీపం పట్టుకుని గడప దాకా వచ్చింది. అక్కడ ఫోను చార్జింగ్ అయిపోయింది.

‘ఆగిందేందే! ఇప్పుడా చచ్చేది!’

కల్లంలో కరెంటు లేదు. కాసేపు మిరపకాయల గలగల తప్ప చప్పుడు లేదు. తర్వాత పెద్దమ్మ గొంతు సవరించుకుంది. ‘ఏవుంది, దీపం మొహమ్మీదికెత్తి చూసింది. వాడికి నుదుటి మీద చిన్నప్పుడు రోకలి తగిలిన మచ్చ ఉంది గదా...’ అని మొదలుపెట్టింది. ఆ మచ్చ సంగతి కథలో ఎక్కడా లేదు. కథలో ఆ తల్లికి అసలు చూపే ఆనదు. మిగతా ఏడుగురూ ఊ కొడుతున్నారు. ‘బాబూ, అంతేనా? నువ్వు విన్నానన్నావుగా,’ అని ఒకామె నన్నడిగింది.

‘అంతే,’ అన్నాను.

సాయంత్రానికి నాలుగు బస్తాలు తొక్కి కుట్టారు.