చెన్ వారి వంశావళి

ఆధునిక చైనా చరిత్రకారుల్లో చెన్ యిన్‌ఖది పెద్ద పేరు. 1890లో పుట్టి 1969లో కన్నుమూసిన ఈ పండితుడు సంస్కృతం, పాళీ భాషలూ చదువుకున్నారు. ఆయన తండ్రి చెన్ సాన్‌లీ కవి. అన్న చెన్ హెంగ్‌ఖ చిత్రకారుడు. ఆ అన్నగారి అబ్బాయి చెన్ ఫెంగ్‌హువై వృక్షశాస్త్రవేత్త. ఈ పేర్లన్నిటిలో ముందున్న 'చెన్' ఇంటిపేరు. తర్వాత వచ్చే రెండక్షరాల్లో ఒక్కటే కన్నవాళ్లు ఎంచుకున్నది. రెండోది బిడ్డ పుట్టకముందే ఖాయమైంది. తండ్రి తరానికి 'సాన్', కొడుకుల తరానికి 'ఖ', మనవల తరానికి 'ఫెంగ్'. ఆ అక్షరం పేరు మొదట్లో రావచ్చు, చివర్లో రావచ్చు. తప్పకుండా ఉండాలన్నదే నియమం.

ఈ అక్షరాలన్నీ ఒక పద్యంలోవి. వంశపెద్దలు ముందుగానే ఒక చిన్న పద్యం కూర్చి పెడతారు. అందులో ఒక్కో అక్షరం ఒక్కో తరానిది. పద్యం అయిపోవచ్చే వేళకు కొనసాగింపు రాసుకుంటారు. ఒకే శాఖకు చెందిన ఇద్దరు ఎక్కడో పరాయి ఊళ్లో తారసపడినా, 'మీ తరం అక్షరమేది' అని అడిగితే చాలు, వరస తేలిపోతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు అరవై ఏళ్లాయనకు బాబాయి కావచ్చు. వయసు ఎంతైనా మర్యాద వరసకే.

యిన్‌ఖ గారి శాఖ పద్యం నాకు మరీ ఇష్టం. 'సాన్', 'ఖ' కలిపితే పూర్వం చైనాలో ప్రత్యేక గౌరవం పొందిన మూడు పాత రాజవంశాల వారసులని అర్థం. 'ఫెంగ్' అంటే చక్రవర్తి భూమినిచ్చి సామంతుణ్ణి చేయడం. తాతా తండ్రీ కొడుకుల పేర్లను వరసగా చదివితే చెన్ ఇంటిపేరు పుట్టిన కథే వినిపిస్తుంది.

ఆ కథ క్రీ.పూ. 11వ శతాబ్దం నాటిది. షాంగ్ రాజ్యాన్ని కూలదోసిన జౌ రాజు వు, పాత మహారాజుల సంతతిని వెతికించి భూములిచ్చాడు. పురాణపురుషుడు షున్ సంతతివాడని పేరున్న గుయ్ మాన్‌కు తన కూతుర్నిచ్చి, చెన్ అనే సీమను అప్పగించాడు. దాని రాజధాని ఇప్పటి హెనాన్ రాష్ట్రంలోని హువైయాంగ్ దగ్గర ఉండేది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో చూ రాజ్యం ఆ సీమను మింగేసింది. రాజ్యం పోయినా, ఆ రాజబంధువులు దాని పేరును ఇంటిపేరుగా పెట్టుకుని బతికారు. ఆ వంశంలోనే ఒక రాజకుమారుడు అంతకుముందే, క్రీ.పూ. 672లో, ప్రాణభయంతో ఛీ రాజ్యానికి పారిపోయాడు. అతని సంతతి 'త్యెన్' పేరుతో పెరిగి పెద్దదై, చివరికి ఛీ సింహాసనాన్నే దక్కించుకుంది.

ఇంటిపేరు ఒకటే అయినా శాఖలు వేలు. వాటిని గుర్తుపట్టడానికి మరో పద్ధతి ఉంది. ప్రతి వంశానికీ ఒక 'సభామందిరం పేరు' ఉంటుంది. చెన్‌లలో ఎక్కువమందిది యింగ్‌ఛువాన్. ఇంటి గుమ్మం మీద, పండగ లాంతర్ల మీద ఆ పేరే రాస్తారు. యింగ్‌ఛువాన్ ప్రాంతానికి ఆ ఖ్యాతి తెచ్చినవారిలో హాన్ కాలపు అధికారి చెన్ షీ (104–187) ముఖ్యుడు. ఒక కరువు ఏడాది రాత్రివేళ ఆయన ఇంట్లో దొంగ దూరి దూలం మీద నక్కాడు. చూసి కూడా చూడనట్టే ఊరుకుని, ఆయన కొడుకులనూ మనవలనూ పిలిచి కూర్చోబెట్టాడు. మనిషి పుట్టుకతో చెడ్డవాడు కాడనీ, అలవాటే చెడగొడుతుందనీ చెబుతూ, 'ఆ దూలం మీది పెద్దమనిషే ఉదాహరణ' అన్నాడు. దొంగ దిగివచ్చి కాళ్ల మీద పడ్డాడు. చైనావాళ్లు నేటికీ దొంగను 'దూలం మీది పెద్దమనిషి' అంటారు.

ఇదంతా నిలిచింది పుస్తకాల వల్ల. మన పల్లెల్లో గోత్రాలూ వంశాల పుట్టుపూర్వోత్తరాలూ వంశరాజులు పాటగా చెప్పి నిలబెట్టారు. చైనాలో ఆ పని అచ్చుపుస్తకం చేసింది. 11వ శతాబ్దంలో ఓయాంగ్ షియూ, సూ షున్ అనే ఇద్దరు పండితులు తమ సొంత వంశావళుల కోసం రూపొందించిన పట్టికలే తర్వాతివారికి నమూనాలయ్యాయి. ఓయాంగ్ పద్ధతిలో ఒక పట్టికలో ఐదు తరాలే ఉంటాయి. ఐదో తరం పేర్లు తర్వాతి పట్టికలో పైవరసగా మళ్లీ మొదలవుతాయి. ఈ ఐదు అనే లెక్క మైల పట్టే బంధుత్వపు హద్దు నుంచి వచ్చింది. ఎన్ని తరాలు చేరినా పుట చెదరదు, ఎవరి చోటు వారికి దొరుకుతుంది. ఒక్కో మనిషి కింద పుట్టిన ఘడియ, పోయిన ఘడియ, భార్య పుట్టింటి పేరు, కొడుకులు, చివరికి సమాధి ఎక్కడుంది, ఏ దిక్కు చూస్తోంది అన్నదీ రాస్తారు. చదువూ పదవీ లేని రైతుకు కూడా ఇన్ని వివరాలు దక్కడమే ఈ సంప్రదాయం గొప్పతనమని నా నమ్మకం. రాజుల చరిత్రల్లో అతనికి ఒక్క అక్షరం కూడా దక్కదు.

సుమారు ముప్ఫై ఏళ్లకొకసారి కొత్త కూర్పు వేయాలని ఆనవాయితీ. ఈ అచ్చుపని ఎలా జరుగుతుందో జజియాంగ్ రాష్ట్రం రుయ్‌ఆన్‌లో నేటికీ చూడవచ్చు. అక్కడి పనివాళ్లు ఊరూరా తిరిగి, ఇంటింటా అడిగి వివరాలు రాసుకుంటారు. చెక్క దిమ్మెల మీద అక్షరాలను తిరగేసి చెక్కుతారు. వేల దిమ్మెల్లో కావలసింది వెతకడానికి వాటిని ఒక పాట క్రమంలో అమర్చి, ఆ పాట పాడుకుంటూ ఏరి కూర్చుతారు. అచ్చయ్యాక తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు చేత్తో ఎర్రగీత గీస్తారు. ఈ కళను 2010లో యునెస్కో తక్షణ రక్షణ అవసరమైన వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఈ పుస్తకాల్లో రాసిందంతా నిజమని కాదు. క్రీ.శ. 557లో చెన్ రాజవంశాన్ని స్థాపించిన చెన్ బాషియెన్ తాను చెన్ షీ సంతతివాణ్ణని చెప్పుకున్నాడు. పైకొచ్చిన ప్రతివాడూ గొప్ప తాతను వెతుక్కున్న కాలమది. రక్తసంబంధం లేకుండా చెన్‌లైనవారూ ఉన్నారు. 5వ శతాబ్దం చివర ఉత్తర వెయ్ చక్రవర్తి తన జాతివారికి చైనా ఇంటిపేర్లు పెట్టించినప్పుడు, 'హోమోచెన్' అనే గుర్రపురౌతుల కుటుంబం 'చెన్' అయిపోయింది. మనకందరికీ తెలిసిన జాకీ చాన్ పుట్టుకతో చాన్, అంటే కాంటనీస్ ఉచ్చారణలో చెన్. కానీ తండ్రి అసలు ఇంటిపేరు ఫాంగ్ అని ఆయనకు పెద్దయ్యాకే తెలిసింది. నా దృష్టిలో ఇది ఇంటిపేరుకు మచ్చ కాదు. నెత్తురుతో పాటు ఒప్పుకోలు కూడా వంశాన్ని నిలుపుతుంది.

దక్షిణానికి వలసలు తాంగ్ కాలంలో ఊపందుకున్నాయి. 669లో చెన్ జంగ్ అనే సేనాని సైన్యంతో ఫూజియెన్‌కు వచ్చాడు. కొడుకు చెన్ యువాన్‌గువాంగ్ 686లో జాంగ్‌జౌ పాలనా కేంద్రాన్ని నెలకొల్పి, తర్వాత దేవుడయ్యాడు. ఆ తీరం నుంచి ఓడలెక్కినవారు ఆ దేవుణ్ణీ వెంట తీసుకెళ్లారు. సింగపూర్‌లో 1870లలో టాన్ కుటుంబాలు కట్టించిన గుడిలో ఉన్నది ఆయనే. ఫూజియెన్ తీరపు మాటలో చెన్‌ను 'టాన్' అంటారు. సింగపూర్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లు రోజూ వినే టాన్ టాక్ సెంగ్ ఆసుపత్రి పేరులోనిదీ అదే అక్షరం. వియత్నాంలో అది 'త్రాన్'. 1225 నుంచి 1400 వరకు ఆ దేశాన్నేలి, మంగోలులను మూడుసార్లు తరిమిన త్రాన్ రాజుల పూర్వీకులు ఫూజియెన్ నుంచి వచ్చినవారే. తైవాన్‌లో, సింగపూర్ చైనీయుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడే ఇంటిపేరు ఇదే. చైనా మొత్తం మీద మొదటి ఐదింటిలో ఒకటి.

జియాంగ్‌షీలో మరో చెన్ కుటుంబం ఇంకో విధంగా చరిత్రకెక్కింది. పదమూడు తరాలుగా వేరు పడకుండా, 700 మంది ఒకే భోజనశాలలో కూర్చుని తినేవారని సోంగ్ రాజవంశ చరిత్ర రాసింది. ఒకే తొట్టిలో తినే వాళ్ల నూరు కుక్కల్లో ఒక్కటి రాకపోయినా మిగతావి ముట్టేవి కావట. 1062లో చక్రవర్తి ఆజ్ఞతో వాళ్లు విడిపోయి 291 చోట్లకు చెదిరారని వంశగ్రంథాలు చెబుతాయి.

ఇంత శ్రద్ధగల పుస్తకాల్లో ఒక పెద్ద లోటుంది. ఎర్రగీత కొడుకు దగ్గరికే వెళ్తుంది. భార్యకు పుట్టింటి పేరే మిగులుతుంది, కూతురికి చాలాచోట్ల అదీ లేదు. చెన్ యిన్‌ఖకు ముగ్గురు కూతుళ్లు. వాళ్ల పేర్లలో 'ఫెంగ్' అక్షరం లేదు. వాళ్ల తల్లి, 1895లో జపాన్ వశమైన తైవాన్‌కు చివరి గవర్నరుగా పనిచేసినాయన మనవరాలు. ఆ గుర్తుగా పెద్దమ్మాయిలిద్దరికీ తైవాన్ వైపు సముద్రంలోని దీవుల పేర్లు పెట్టారు. వంశపద్యం ఇవ్వని చోటును తండ్రి తన దేశపు దుఃఖంతో నింపాడు.

1966 తర్వాత సాంస్కృతిక విప్లవంలో వంశగ్రంథాలను పాత కుళ్లు కింద జమకట్టి కాల్చేశారు. కొన్నిటిని ఇళ్లవాళ్లు దాచారు. 1980ల నుంచి మళ్లీ కూర్పులు మొదలైనప్పుడు, విదేశాల్లోని బంధువుల దగ్గరున్న ప్రతులు చాలా ఊళ్లకు ఆధారమయ్యాయి. చైనా వంశావళుల పెద్ద సూచిక షాంఘై గ్రంథాలయం పూనికతో 2008లో వెలువడింది. అందులో 50,000కు పైగా గ్రంథాల వివరాలున్నాయి. ఇప్పటి కొత్త కూర్పుల్లో చాలా శాఖలు కూతుళ్ల పేర్లూ, వాళ్ల చదువులూ చేరుస్తున్నాయి. కొన్ని ఇంకా కొడుకుల దగ్గరే ఆగిపోతున్నాయి. వచ్చే కూర్పు నాటికైనా ఆ శాఖల పెద్దలు ఒప్పుకుంటారని ఆశిస్తున్నాను.