పాత పికప్పుకు కొత్త ముల్లు

గ్రామఫోను రికార్డుల మోజు మళ్లీ వచ్చినది. దానితో పాటు ఒక మాట కూడ వినవచ్చుచున్నది: పాత పికప్పును పారవేయవద్దు, దానికి మేలురకపు ముల్లు తొడిగినచో నేటి ఖరీదైన పికప్పులకు తీసిపోదు అని. ఈ మాట చాలవరకు నిజమే. కాని దీనిని చెప్పువారు ఒక ముఖ్యమైన సంగతి వదలి చెప్పుచున్నారు. దాని వలన డబ్బు పోయిన పోవచ్చును, రికార్డులు పాడైనచో మరల రావు.

ఉదాహరణకు అమెరికాలోని షూర్ కంపెనీవారి వి15 పికప్పును తీసికొందము. ఇది 1964లో మొదట వెలువడినది. 1973లో వచ్చిన మూడవ రకము ఇప్పటికిని పలువురి వద్ద పదిలముగా ఉన్నది. 2018లో షూర్‌వారు పికప్పుల తయారీ మానుకొనిరి. కనుక ముల్లు అరిగినప్పుడు ఇతరులు చేసిన ముల్లే గతి. అట్టివారిలో జపాను దేశపు జికో సంస్థ పేరు పొందినది.

ఈ జాతి పికప్పులో అయస్కాంతము కదలును, తీగచుట్టలు కదలవు. సన్నని కాడకు ఒక చివర వజ్రపు మొన, రెండవ చివర చిన్న అయస్కాంతము ఉండును. ఆ కాడను రబ్బరు దిమ్మ పట్టి ఉంచును. ముల్లు ఊడదీసినప్పుడు ఇవన్నియు ప్లాస్టిక్కు పిడితో సహా వెలికి వచ్చును. మిగిలిన ఒంటిలో తీగచుట్టలు, ఇనుప ధ్రువఖండములు తప్ప వేరేమియు లేవు. అనగా ముల్లు మార్చినప్పుడు కదిలెడి యంత్రమంతయు మార్చినట్లే. వాడుకలోని మాటకు బలము ఇక్కడనే ఉన్నది.

మొన ఆకారము ఎందుకు ముఖ్యమో లెక్క చూడుడు. 12 అంగుళాల రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. వెలుపలి గాడి వ్యాసార్ధము సుమారు 14.6 సెం.మీ.; అక్కడ గాడి ముల్లు క్రింద సెకనుకు 51 సెం.మీ. సాగును. కేంద్రము నుండి 6 సెం.మీ. దూరమున ఉన్న లోపలి గాడిలో ఈ వేగము 21 సెం.మీ.కు దిగును. 15,000 హెర్ట్జుల ధ్వని వెలుపల 34 మైక్రానుల అలగా వ్రాయబడినచో, లోపల 14 మైక్రానులలో ఇరుకుకొనవలెను. గోళాకారపు మొన వ్యాసార్ధము 15 నుండి 18 మైక్రానులు. అల కంటె మొనయే లావు! ఇక అది లోయలోనికి దిగునెట్లు? రికార్డు చివరి పాటలో సకారములు బుసకొట్టుటకు ఇది ఒక ముఖ్య కారణము. ఆడియో-టెక్నికావారు 2018లో ప్రవేశపెట్టిన విఎం95 వరుసలో ఒకే ఒంటికి పలు ముళ్లు దొరకును. వానిలో దీర్ఘవృత్తపు మొన గాడి గోడను తాకు అంచు వ్యాసార్ధము 8 మైక్రానులు, మైక్రోలీనియరు మొనకు 3 మైక్రానులు. ఒకే ఒంటికి రెండు ముళ్లను మార్చి, రికార్డు చివరి పాటను వినిపించినచో తరగతిలో తరంగదైర్ఘ్యమును గూర్చి వేరే ఉపన్యాసము అక్కరలేదు.

ఇక వదలివేసిన సంగతి. వి15 మూడవ రకపు చుట్ట ప్రేరకత సుమారు అర హెన్రీ. తీగలు, యాంప్లిఫయరు కలిసి 450 పికోఫారడుల కెపాసిటీ ఇచ్చినచో విద్యుత్ అనునాదము 10,600 హెర్ట్జుల దగ్గర ఏర్పడును. 47,000 ఓముల భారముతో లెక్కకట్టినచో, 20,000 హెర్ట్జుల వద్ద వోల్టేజి సుమారు మూడవ వంతుకు పడిపోవును. ఇట్టి పికప్పులను రూపొందించినవారికి ఈ లోటు తెలియనిది కాదు. వజ్రపు మొన ద్రవ్యరాశి, రికార్డు ప్లాస్టిక్కు సాగుదల కలిసి పై పౌనఃపున్యములలో మరొక అనునాదమును కలిగించును. ఆ ఉబ్బుతో ఈ పల్లమును పూడ్చుట వారి నేర్పు. ఇప్పుడు ఆ ఒంటికే బోరాను కాడ గల జికోవారి ముల్లు తొడిగితిమనుకొందము. వజ్రపు పని ప్రశంసింపదగినదే. లోపలి గాడులలో స్పష్టత పెరుగును. కాని కదలెడి ద్రవ్యరాశి తగ్గినకొలది ఆ యాంత్రిక అనునాదము పైకి జరుగును, పల్లము పూర్తిగా పూడదు. అప్పుడు తాళముల మెరుపు తగ్గినదని ముల్లును నిందించుట న్యాయము కాదు. పొట్టి తీగలు వాడి కెపాసిటీని 200 పికోఫారడులకు దించినచో విద్యుత్ అనునాదము దాదాపు 16,000 హెర్ట్జులకు ఎక్కును. ఈ నాలుగు ముక్కలు ముల్లు పెట్టెమీద వ్రాయుటకు ఎవరికిని తీరిక లేకపోవుట విచిత్రము.

రబ్బరు విషయము మరచిపోరాదు. కంపెనీవారి అసలు ముల్లే కావలెనని, సీలు విప్పని పాత సరుకుకు రెట్టింపు ధర పెట్టువారున్నారు. సీలు లోపల కూడ రబ్బరు ముసలిదగును. భుజము, పికప్పు కలిసి 18 గ్రాములు. రబ్బరు ఒదుగు న్యూటనుకు 20 మిల్లీమీటర్లు అనుకొన్నచో భుజపు అనునాదము 8.4 హెర్ట్జులు. ఇది చెవికి అందదు. రబ్బరు గట్టిపడి ఒదుగు నాలుగవ వంతైనచో అది 16.8 అగును. మందర ధ్వనుల అంచుకు వచ్చినట్లే. పైగా బిగిసిన కాడ గాడి గోడను కోయును. ఈ వ్యాసకర్త అభిప్రాయములో, పెద్ద పేరు గల పాత సరుకు కంటె నేడు తయారైన నికరమైన నకలు మేలు.

అయితే నికరమైనదని తెలియుటెట్లు? మా ప్రయోగశాలలోని పాత యంత్రమునకు ఒకసారి టపాలో ముల్లు తెప్పించితిని. పెట్టెమీద దీర్ఘవృత్తపు మొన అని వ్రాసి ఉన్నది. తొడిగి, మా తాతగారు దాచిన లాంగుప్లే రికార్డును రెండుసార్లు మ్రోగించిన తరువాత గాని సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడవలెనను బుద్ధి పుట్టలేదు. మొన కాడకు ఒరిగి అతికింపబడి ఉన్నది, దాని చుట్టు జిగురు ముద్ద. ఆ రికార్డు మొదటి పాటలో కుడిప్రక్క గరగర అప్పటినుండి పోలేదు. తప్పు అమ్మినవారిది సగము, వరుస తప్పిన నాది సగము. జంతుశాస్త్ర విభాగములోని వంద రెట్ల సూక్ష్మదర్శిని అడుగు దూరములో ఉండినది!

పాత ముల్లును సైతము ఇట్లే చూడవలెను. ఒక ప్రక్క 20 నిమిషములు మ్రోగునప్పుడు ముల్లు సుమారు 430 మీటర్లు నడచును. వేయి గంటలకు దాదాపు 1,300 కిలోమీటర్లు, అనగా హైదరాబాదు నుండి చెన్నపట్నము పోయి వచ్చినంత. వజ్రమైనను అరుగకుండునా?

మన ఇండ్లలోని రంగస్థల పద్యముల రికార్డులు మాత్రము వేరు జాతి. 78 చుట్ల లక్క రికార్డు గాడి వెడల్పైనది. దానికి 65 నుండి 75 మైక్రానుల మొన కావలెను. లాంగుప్లే ముల్లు ఎంత ఖరీదైనదైనను ఆ గాడి అడుగున దొర్లి, పద్యమునకు బదులు దుమ్మును వినిపించును. లక్కలో కలిపిన రాతిపొడి దానిని త్వరగా అరగదీయును కూడ. షూర్ పాత ఒంటికైనను, విఎం95కైనను 78 చుట్లకు తగిన ముల్లు వేరుగా కలదు. మైక్రోలీనియరు ముల్లు కంటె ముందు దానిని కొనవలసిన ఇండ్లు మనలో చాల ఉన్నవి.