నిండిన డిస్కులో దాచిన చోటు

రూట్ ఫైల్‌సిస్టమ్ నిండిన యూనిక్స్ సర్వర్ ఒక్కసారిగా కూలిపోదు. లాగులు ఆగుతాయి, డేటాబేస్ మొరాయిస్తుంది, టెంపరరీ ఫైలు తెరవబోయిన ప్రతి ప్రోగ్రామూ చోటు లేదని వెనక్కి తిరుగుతుంది. అంత గందరగోళంలోనూ రూట్ యూజర్ లోపలికి వెళ్ళి చెత్త తీసి సర్వర్‌ని మళ్ళీ నిలబెట్టగలడు. ఆ వీలు కట్టినవాళ్ళ ముందుచూపు.

1980ల మొదట్లో బర్క్‌లీలో మెక్యూసిక్, బిల్ జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ తయారుచేసిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ డిస్కులో కొంత భాగాన్ని, మామూలుగా పదో వంతుని, సాధారణ యూజర్లకు అందకుండా పక్కన పెట్టింది. ఒక ఫైలు ముక్కలన్నీ దగ్గరదగ్గరగా పడాలంటే ఖాళీ ఉండాలి. ఖాళీ బొత్తిగా లేకపోతే వేగం సగానికి పడిపోతుందని 1984లో వాళ్ళే రాశారు. వేగం కోసం ఉంచిన చోటే ఆపదలోనూ అక్కరకొస్తుంది. లినక్స్‌లోని ఎక్స్‌ట్ ఫైల్‌సిస్టమ్‌లు 5 శాతం ఉంచుతాయి. 100 జీబీకి 5 జీబీ. రైతు ఇంట్లో విత్తనాలకని కట్టిపెట్టిన ధాన్యం బస్తా లాంటిదది. తిండిగింజలు నిండుకున్నా దాన్ని విప్పరు. అయితే రూట్ పేరుతో నడిచే ప్రోగ్రామే అదుపు తప్పి లాగులు రాస్తుంటే ఆ బస్తా కూడా ఖాళీ అవుతుంది. అందుకే సర్వీసులను రూట్‌గా నడపకూడదని అనుభవజ్ఞులు పట్టుబట్టి చెబుతారు.

నన్ను ఇంతకన్నా ముగ్ధుణ్ణి చేసే పనితనం మరొకటుంది. యూనిక్స్‌లో ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. ‘ఆర్‌ఎం’ చెరిపేది పేరునే. ఆ ఫైలును ఏ ప్రోగ్రామైనా తెరిచి ఉంచితే, చివరి ప్రోగ్రామ్ మూసేదాకా డేటా డిస్కు మీదే ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపకుండానే దాని ఫైళ్ళను కొత్తవాటితో మార్చగలుగుతున్నామంటే ఆ నియమం చలవే. డిస్కు నిండినప్పుడు మాత్రం అదే తికమక పెడుతుంది: పెద్ద లాగు చెరిపినా చోటు రాదు. పేర్లు పట్టుకుని లెక్కవేసే ‘డీయూ’కి ఆ ఫైలు కనిపించదు, బ్లాకులు లెక్కించే ‘డీఎఫ్’కి కనిపిస్తుంది. రెండు లెక్కలకీ పొంతన కుదరలేదంటే చెయ్యి తిరిగినవాడు ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’తో పేరు పోయిన ఫైళ్ళను వెతికి, వాటిని పట్టుకున్న సర్వీసును రీస్టార్ట్ చేస్తాడు. అసలు ఇంకా రాస్తున్న లాగును చెరపడు. ‘ట్రంకేట్’తో సున్నాకి కుదిస్తాడు.

‘డీఎఫ్’ బోలెడు ఖాళీ చూపిస్తున్నా ఫైలు పుట్టకపోతే చాలాసార్లు ఫైలుకొకటి చొప్పున కావాల్సిన ఐనోడ్‌లు అయిపోయాయన్నమాట. ఎక్స్‌ట్4లో వాటి సంఖ్య ఫార్మాట్ చేసేటప్పుడే ఖాయమవుతుంది కాబట్టి గుట్టలుగా పడిన చిన్నచిన్న సెషన్ ఫైళ్ళను తీసెయ్యాల్సిందే.

మొదట చెప్పిన, పక్కన పెట్టే ఆ 5 శాతం 4 టీబీ డేటా డిస్కు మీదైతే 200 జీబీ. అక్కడ ‘ట్యూన్‌టూఎఫ్‌ఎస్’తో 1 శాతానికి తగ్గించడం సబబే; డిస్కు వాడుకలో ఉండగానే ఆ పని అయిపోతుంది. రూట్ డిస్కు మీద మాత్రం ఆ 5 శాతాన్ని ముట్టుకోకపోవడమే మేలు.