ఒక్కరి కోసం వేసిన జోకు

2010లో జరిగిన ఎం.టీ.వీ. సినిమా అవార్డుల వేడుకలో ఒక చిత్రమైన బహుమతి ఉంది. జనం నోరెళ్లబెట్టి చూసిన సన్నివేశానికి ఇచ్చేది అది. ఆ ఏడాది ‘ది హ్యాంగోవర్’ సినిమాలోని మిస్టర్ చౌ పాత్రకు దక్కింది. కారు డిక్కీ తెరవగానే ఒంటిమీద నూలుపోగు లేని మనిషి బయటికి దూకి, తెరిచినవాళ్లనే ఇనుపరాడ్డుతో చితకబాదే సీను. ఆ పాత్ర వేసిన కెన్ జాంగ్ వేదికెక్కితే జనం మరో కోతిచేష్ట కోసం చూశారు. ఆయనకేమో గొంతు పూడుకుపోయింది. ఈ సినిమా అవకాశం వచ్చేనాటికి తన భార్య రొమ్ము క్యాన్సర్‌తో పోరాడుతోందని, ఇప్పుడు రెండేళ్లుగా ఆమెకు ఆ జబ్బు లేదని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ డిక్కీ సీనులో బట్టలు లేకుండా దూకుతానన్నది జాంగ్ ఆలోచనే. అంతేకాదు, చౌ నోటివెంట వచ్చే మాటల్లో అక్కడక్కడా వియత్నామీస్ ముక్కలు దొర్లుతాయి. థియేటర్లో చాలామందికి అవి అర్థం కావు. అర్థం కావాల్సింది ఒక్కరికే, ఆయన భార్య ట్రాన్ హోకి. ఆమె కుటుంబానిది వియత్నాం. ఇంట్లో కీమోథెరపీ నడుస్తున్న రోజుల్లో, షూటింగు నుంచి భార్యను నవ్వించడానికి ఆయన పట్టిన దొంగదారి అది. స్టాండప్ కామెడీ అనే కళ కిటుకంతా ఇందులోనే ఉందని నాకనిపిస్తుంది. హాలంతా వింటున్నా, చెప్పేవాడు ఎవరో ఒక్కరికే చెబుతుంటాడు. ఆ ఒక్కరెవరో తెలియని కమెడియన్ హాలు మొత్తాన్ని మెప్పించబోయి ఎవరినీ నవ్వించలేడు.

జాంగ్ 1969లో డెట్రాయిట్‌లో పుట్టాడు, పెరిగింది నార్త్ కరొలైనాలో. కొరియా నుంచి వెళ్లిన కుటుంబం. తండ్రి ఎకనామిక్స్ ప్రొఫెసర్. డ్యూక్ యూనివర్సిటీలో చదువుతుండగా నాటకాల పిచ్చి పట్టింది. అయినా కొడుకు 1995లో నార్త్ కరొలైనా యూనివర్సిటీ నుంచి వైద్యపట్టా పుచ్చుకునే బయటికొచ్చాడు. ఈ కథ మనకెవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంటికో డాక్టరు కావాలన్న కోరిక డెట్రాయిట్‌లో ఎంతుందో గుంటూరులోనూ అంతే ఉంది. న్యూజెర్సీలో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో ఇంకాస్త ఎక్కువే ఉంది.

రెసిడెన్సీ న్యూ ఆర్లియన్స్‌లో. పగలు వార్డు, సాయంత్రం క్లబ్బు. అక్కడ ఒక కామెడీ పోటీలో గెలిచాడు. న్యాయనిర్ణేతల్లో ఒకరు ఎన్.బి.సి. మాజీ అధిపతి బ్రాండన్ టార్టికాఫ్, మరొకరు ‘ఇంప్రోవ్’ క్లబ్బు స్థాపకుడు బడ్ ఫ్రీడ్‌మన్. ఇద్దరూ నువ్వు లాస్ ఏంజెలెస్ వచ్చెయ్యమన్నారు. వెళ్లాడు కానీ, ఉద్యోగం చూసుకుని మరీ వెళ్లాడు. కైజర్ పర్మనెంటే ఆసుపత్రిలో ఫిజీషియన్‌గా ఏళ్లతరబడి పనిచేశాడు. అక్కడే ఆయనకు మరో డాక్టరు ట్రాన్ పరిచయమైంది. 2007లో వచ్చిన ‘నాక్డ్ అప్’లో ఆయన వేసింది కూడా డాక్టరు వేషమే. ఆ తర్వాతే, భార్య ధైర్యం చెబితే ఉద్యోగం వదిలాడు.

పగటి ఉద్యోగం వల్ల హాస్యం నాసిరకం అవుతుందనుకునేవాళ్లకు మన తెలుగు సినిమాయే జవాబు. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా ఉండేవాడు. ఎమ్మెస్ నారాయణ భీమవరంలో లెక్చరర్‌గా పనిచేశాడు. ఇక డాక్టర్ల లెక్కకొస్తే మనకు ఎన్. శివప్రసాద్ ఉండేవాడు. వైద్యం చదివి, సినిమాల్లో విలనూ కమెడియనూ అయి, చిత్తూరు ఎంపీగా ప్రత్యేక హోదా కోసం పార్లమెంటు ఆవరణలో నారదుడి వేషంలో తిరిగాడు. వెనక నెలజీతం ఉన్నవాడు స్టేజి మీద నవ్వు కోసం దేబిరించడు. నచ్చని జోకు వేయనక్కర్లేదు, ఇవాళ ఫ్లాపైతే రేపు వంట ఆగిపోదు.

స్టాండప్‌కు సామగ్రి ఏమీ ఉండదు. ఒక మైకు, దాని స్టాండు, బల్ల మీద మంచినీళ్లు. కొత్తవాడికి ఓపెన్ మైక్‌లో అయిదు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ అయిదు నిమిషాలనే ఏడాదిపాటు చెక్కుతారు. పనితనం తెలియాలంటే ఒక జోకును విప్పి చూడాలి. ఇది జాంగ్‌ది కాదు, మన ఊళ్లో ఓ మాజీ డాక్టరు వేస్తున్నాడనుకోండి.

‘నన్ను డాక్టర్ని చెయ్యడానికి మా నాన్న రెండెకరాలు అమ్మారు. నేను ప్రాక్టీసు మానేసి కమెడియన్ అవుతానన్నాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఆ పొలం కొన్నాయన దగ్గరికి నన్ను తీసుకెళ్లారు. పొలం తిరిగిచ్చేసి వీణ్ని ఉంచుకుంటావా అని అడిగారు. ఆయన నన్ను కిందా మీదా చూసి, నీళ్ల వసతి ఉందా అన్నాడు.’

‘ఉంచుకుంటావా’ దాకా ఉన్నది సెటప్, అక్కడ పడేది పంచ్. నీళ్ల వసతి ట్యాగు, అంటే నవ్వు సద్దుమణగక ముందే దానిమీద వేసే రెండో దెబ్బ. ఇందులో ఖరీదైన ముక్క మాత్రం ‘ఏమీ అనలేదు’. అక్కడ కమెడియన్ నిజంగానే నోరు మూసుకుని నిలబడాలి. తండ్రి కోపం ఎంతదో జనం తమ తండ్రుల్ని తలుచుకుని లెక్కగట్టుకుంటారు. ఆ లెక్క పూర్తయ్యేదాకా ఆగలేనివాడు, భయపడి గబగబా పంచ్‌కు వెళ్లిపోయేవాడు జోకును చంపేస్తాడు. టైమింగ్ అని మనం గాలివాటంగా వాడే మాటకు అర్థం ఈ ఆగడమే. ఇంకో ఇరవై నిమిషాలకు అదే కమెడియన్ పెళ్లిచూపుల ముచ్చట ఎత్తుకుంటాడు. పిల్ల తండ్రి అన్నీ అడిగి, చివర్న నీళ్ల వసతి సంగతి అడుగుతాడు. హాలు గొల్లుమంటుంది. దీన్ని కాల్‌బ్యాక్ అంటారు. ఆ ముక్కలో కొత్త హాస్యమేమీ లేదు. ఇరవై నిమిషాలుగా మనమందరం ఒకేచోట ఉన్నామన్న గుర్తింపుకే జనం నవ్వుతారు.

మన బుర్రకథలో ఈ పనిని ముగ్గురు పంచుకుంటారు. నడుమ కథకుడు తంబురా పట్టి కథ నడిపిస్తే, ఒక వంత హాస్యం చూసుకుంటాడు, రెండోవాడు రాజకీయం అందుకుంటాడు. కథకుడు తడబడితే వంత ‘తందాన తాన’ అని ఆదుకుంటాడు. స్టాండప్ కమెడియన్‌కు వంత ఉండడు. కథా వాడే చెప్పాలి, దాని మీద వెటకారమూ వాడే ఆడాలి. అందుకే చాలామంది ఒక స్థిరమైన పాత్రను తమలోంచే తయారుచేసుకుంటారు.

జాంగ్ తయారుచేసుకున్న పాత్ర డాక్టర్ల కొలువులోంచి వచ్చిందే. తప్పును తిరుగులేని నమ్మకంతో చెప్పే మనిషి అది. ‘కమ్యూనిటీ’ ధారావాహికలో స్పానిష్ సరిగా రాని స్పానిష్ మాస్టారు చాంగ్ అదే. ‘ది మాస్క్‌డ్ సింగర్’లో ముసుగు వెనక పాడేదెవరో తనకు ఖాయంగా తెలుసని లేచి నిలబడి, ఎక్కడా పొంతనలేని పేరు చెప్పేదీ అదే. తెల్లకోటు వేసుకున్నవాడు ఏది చెప్పినా నమ్మే సమాజంలో, ఆ ధీమాకే వెర్రిచొక్కా తొడిగి చూపించడం ఒక డాక్టరుకే చెల్లింది. మిస్టర్ చౌ సంగతి వేరు. ఆసియావాళ్ల యాసను, ఒంటిని అమెరికన్ తెర ఎగతాళి చేసే పాత అలవాటునే ఆ పాత్ర మళ్లీ నెత్తికెత్తుకుందని విమర్శ ఉంది. అది మూసపాత్ర మీద వెటకారమని జాంగ్ సమాధానం. నాకైతే మొదటి భాగంలో ఆ వెటకారం కనిపిస్తుంది, మూడో భాగానికొచ్చేసరికి మూసే మిగిలింది.

2019 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజున, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘యూ కంప్లీట్ మీ, హో’ ఆయన మళ్లీ స్టాండప్‌కు తిరిగొచ్చిన గంట. హో అన్నది భార్య ఇంటిపేరు. పసడీనాలోని ఐస్ హౌస్ క్లబ్బులో తీశారు. దర్శకుడు జాన్ చూ, అంతకుముందు ఏడాదే ‘క్రేజీ రిచ్ ఏషియన్స్’ తీసినవాడు. ఇంటి జోకులో పెద్ద ప్రమాదం గురి. పెళ్లాం మీద జోకులు మన పత్రికల్లోనూ కొల్లలుగా అచ్చయ్యాయి. అందులో తొంభై పాళ్లు ఎదుటి మనిషి లేని చోట వేసినవే. జాంగ్ భార్య తెలివైనది, తాను వెర్రివాడు అన్న ఏర్పాటులోనే గంటంతా నడుపుతాడు. క్యాన్సర్ సంగతి వచ్చినప్పుడూ నవ్వు జబ్బు మీద కాదు, ఆ జబ్బు ముందు డాక్టరై ఉండీ బిత్తరపోయిన మొగుడి మీద. ఆ జబ్బు బయటపడేనాటికి వాళ్ల కవల పిల్లలకు ఏడాది. దెబ్బ ఎవరి మీద పడాలో తేల్చుకున్నాకే జోకు రాయడం మొదలెట్టాలని ఈ గంట చూస్తే తెలుస్తుంది.

హాలులో ఎవరున్నారో కమెడియన్ ఎప్పుడూ గమనిస్తూనే ఉండాలి. 2018 మేలో ఫీనిక్స్‌లోని ఒక క్లబ్బులో జాంగ్ ప్రదర్శన మధ్యలో ముందువరసల్లో గొడవ మొదలైంది. తనను గేలి చేస్తున్నారనుకుని ఆయన మొదట జోకులతోనే బదులిచ్చాడు. చూస్తే ఒక మహిళకు ఫిట్స్. స్టేజి దిగి, అంబులెన్సు వచ్చేదాకా ఆమె దగ్గరే ఉండి, మళ్లీ ఎక్కి షో పూర్తిచేశాడు. కమెడియన్‌లోని డాక్టరు ఆమెను ఆదుకున్నాడని పత్రికలు మురిసిపోయాయి. నన్నడిగితే కష్టమైన పని ఆ తర్వాతిది, బిగుసుకుపోయిన హాలును మళ్లీ నవ్వులోకి తేవడం.

స్నేహితుల మధ్యా ఆయనలో డాక్టరూ కమెడియనూ కలిసే ఉంటారు. ‘కమ్యూనిటీ’లో తోటినటుడు జోయెల్ మెక్‌హేల్‌తో కలిసి 2020 మార్చిలో, కరోనా అందరినీ ఇళ్లలో బంధించినప్పుడు, ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. మెక్‌హేల్ ఆటపట్టిస్తుంటే, మధ్యమధ్య జాంగ్ లోపలి డాక్టరు లేచి చేతులు కడుక్కోమని, దూరంగా ఉండమని చెప్పేవాడు. అక్కడ ఆయనకు వంత దొరికాడు.

‘యూ కంప్లీట్ మీ, హో’ చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. ఆ గంటలో హాలీవుడ్ పెద్దల పేర్లు వల్లించే భాగాలు నీరసంగా ఉంటాయి, అక్కడ టీ పెట్టుకోవచ్చు. భార్య ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం జాంగ్ ఎక్కడ ఆగుతున్నాడో చూడండి. ముందుగా ‘ది హ్యాంగోవర్’ మొదటి భాగం చూసి ఉంటే మేలు. ఆ సినిమా అత్తమామల పక్కన కూర్చుని పెట్టుకునేది కాదు, ఈ గంట కూడా కాదు.